పంతులు లేకుండా, ఫంక్షన్ హాలు లేకుండా పల్లెటూళ్ళో 120 మందితో పెళ్ళి: కుదురుతుందా?

పటమట_అమ్మాయి
నమస్తే అందరికీ. ఫిబ్రవరిలో నా పెళ్ళి. మాది బెజవాడ, ఆయనది గుంటూరు. కులాలు వేరు, రెండిళ్ళలోనూ ఒప్పుకున్నారు, ఆ గొడవ లేదు. గొడవంతా ఎలా చేసుకోవాలన్న దగ్గరే వచ్చింది. నాన్నగారు గన్నవరం రోడ్డులో ఒక ఏసీ హాలు చూసి వచ్చారు. పదిహేను వందల మందంటున్నారు. మా ఇద్దరికీ అది వద్దు.

కొల్లిపర దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పెంకుటిల్లుంది. వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక కళ్ళం. అక్కడే, సాయంత్రం నాలుగున్నరకి, 120 మందితో చేసుకుందామని. పంతులుగారు ఉండరు, ముహూర్తం పెట్టించం. దండలు మార్చుకుని, ఒకరికొకరం రాసుకున్న నాలుగు మాటలు చదువుకుంటాం. మా అమ్మమ్మ, వాళ్ళ తాతయ్య అక్షింతలు వేస్తారు. తర్వాత అరిటాకుల్లో బంతి భోజనం. డీజే, స్టేజీ, డ్రోను ఏవీ లేవు. చదివింపులు తీసుకోం. ఇలా చేసుకున్నవాళ్ళుంటే ఏమేం చూసుకోవాలో చెప్పండి. నాన్నగారిని ఎలా ఒప్పించాలో కూడా.

సిరి_నల్లపాడు
చదువుతుంటేనే హాయిగా ఉంది. చేసేసుకోండి అక్కా.

గవర్నర్‌పేట_మూర్తి
అమ్మా, ముందు చట్టం సంగతి తేల్చుకోండి, కొబ్బరిచెట్ల సంగతి తర్వాత. దండలు మార్చుకుంటే హిందూ వివాహ చట్టం (1955) కింద పెళ్ళయినట్టు కాదు. సెక్షన్ 7 ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం క్రతువు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతోనే పెళ్ళి పూర్తవుతుంది. తమిళనాడు వాళ్ళు 1967లో చట్టం సవరించుకున్నారు, దండలో ఉంగరాలో మార్చుకున్నా అక్కడ చెల్లుతుంది. మనకి ఆ సవరణ లేదు. క్రతువు జరక్కుండా చేతిలో రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

బ్రాడీపేట_శైలజ
మూర్తిగారూ, అమ్మాయి అడిగింది ఒకటి, మీరు చెప్తున్నది ఒకటి.

తల్లీ, నా పెళ్ళి గుంటూరులో పెద్ద హాల్లో జరిగింది. సాయంత్రం స్టేజీ ఎక్కించారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఎవరో మా ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. పైకి రావడం, కవరు ఇవ్వడం, ఫొటో దిగడం, వెళ్ళిపోవడం. నా ప్రాణస్నేహితురాలు నిజామాబాద్ నుంచి వస్తే రెండు మాటలు మాట్లాడే వీలు దొరకలేదు. నేను అన్నం తినేసరికి వంటవాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. ఆ హాలు అద్దె, డెకరేషను, ప్లేట్ల లెక్క కోసం మా నాన్న తెచ్చిన అప్పు నాకు కొడుకు పుట్టాక కూడా తీరలేదు. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. అందుకని మీ నాన్నగారిని దేనికీ ఒప్పించక్కర్లేదు. ఇది నా పెళ్ళి అని ఒక్క మాట గట్టిగా అనండి చాలు.

ఉయ్యూరు_పిన్ని
చదివింపులు వద్దంటే మీ నాన్నగారు బాధపడరా? ఇన్నేళ్ళు ఆయన అందరిళ్ళలో చదివించి ఉంటారు కదమ్మా. మా ఇంట్లో అయితే ఎవరు ఎంత పెట్టారో రాసిన పుస్తకం బీరువాలో ఇప్పటికీ ఉంది.

గవర్నర్‌పేట_మూర్తి
శైలజగారూ, గట్టిగా అన్నంత మాత్రాన పెళ్ళి చెల్లదు. రేపు ఆస్తి దగ్గర, పాస్‌పోర్టు దగ్గర, భర్త పోయాక పెన్షను దగ్గర తిరిగేది ఆ అమ్మాయే. తాళి గురించి అడుగుతారేమో, సెక్షన్ 7లో తాళి మాటే లేదు. ఉన్నది సప్తపది.

బ్రాడీపేట_శైలజ
తాళి గురించి ఎవరూ అడగలేదండీ.

దుగ్గిరాల_రైతు
అమ్మాయ్, మాది మీ పక్క ఊరే. చట్టం నాకు తెలవదు, కళ్ళం తెలుసు. చెప్తా, రాసుకో.

కొబ్బరిచెట్లకి ముందురోజే మనిషిని ఎక్కించి కాయలు, ఎండుమట్టలు దింపించు. కింద పెద్దోళ్ళు కూర్చుంటారు, మట్ట పడితే తల పగులుద్ది. మాఘంలో ఆరు దాటితే మంచు పడుద్ది, షామియానా పైన కట్టకపోతే ఆకులు, విస్తళ్ళు అన్నీ తడుస్తయ్. ఫొటోల కోసం చేలో కుర్చీలేద్దాం అనుకుంటావేమో, అది కుదరదు. వరి కోసే ముందే మడిలో మినుములు చల్లేస్తాం మేం. మీ పెళ్ళి నాటికి పూతా పిందె మీద ఉంటది. కోత అయింది గదా చేను ఖాళీ అనుకుని టౌనోళ్ళు తొక్కుకుంటా పోతారు.

ఇంకోటి. ఆ రోజుల్లో తెల్లదోమకీ పురుగుకీ మందు కొడతాం. గాలి ఇటు తిరిగితే నీ బంతి భోజనంలోకి వాసనొచ్చుద్ది. పక్క చేను ఆయనకి రెండురోజులు ఆగమని చెప్పాల. కార్లు కాలవ కట్ట మీద పెడితే ట్రాక్టరు పోదు, కాబట్టి ఎవరిదన్నా ఖాళీ దొడ్డి అడగాల. డొంక దారిన నడిచి రావాల్సొస్తే లైట్లకి పక్కింటి మీటరు అడగాల. వచ్చే ఆడోళ్ళకి బాత్రూములు మీ పెంకుటింట్లో ఉన్నది ఒకటే అయ్యుంటది. రెండు మూడిళ్ళు అడగాల. ఇయ్యన్నీ ఊళ్ళో అడగాల్సినయ్యే.

పటమట_అమ్మాయి
చాలా థాంక్సండీ, ఇందులో సగం నాకు తట్టనే లేదు. ఇవన్నీ అమ్మమ్మ అడుగుతుంది, ఆవిడ మాటంటే ఊళ్ళో గౌరవం. ఉయ్యూరు పిన్నిగారూ, నాన్నగారి అసలు బాధ అదే. "నేను పెట్టొచ్చిన ఇళ్ళవాళ్ళని పిలవకపోతే రేపు మొహం ఎలా చూపించను" అంటారు.

తెనాలి_మాస్టారు
ఆలస్యంగా చూశాను. ఇదంతా కొత్త వింతలా మాట్లాడుతున్నారు గానీ, మన కృష్ణా గుంటూరు జిల్లాలకి ఇది పాతదే. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) తెనాలిలో ఉండి, సంస్కృత మంత్రాలు పక్కనపెట్టి, అందరికీ అర్థమయ్యే తెలుగులో పెళ్ళిళ్ళు చేయించారు. గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో బెజవాడకి తెచ్చారు. అమ్మాయ్, అది మీ పటమట దాపునే. ఆయన కూతుర్ని దళిత కుర్రాడికి ఇచ్చి 1948లో సేవాగ్రాంలో పెళ్ళి జరిపారు. ఆ తర్వాత కమ్యూనిస్టుల ఇళ్ళలో దండల పెళ్ళిళ్ళు ఎన్ని జరిగాయో. మా అమ్మానాన్నలది అరవైల్లో దండల పెళ్ళే. బడి ఆవరణలో బల్లల మీద నిలబడి దండలు మార్చుకున్నారు, ఇద్దరు ముగ్గురు ఉపన్యాసాలు చెప్పారు, మిఠాయి పంచారు, అంతే.

గవర్నర్‌పేట_మూర్తి
మాస్టారూ, వాటిలో ఎన్ని కోర్టుకెక్కితే నిలిచేవో ఆలోచించండి. నేను దండలు వద్దనడం లేదు. దారి ఉంది. ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద చేసుకోండి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసివ్వాలి. 30 రోజులాగాక, ముగ్గురు సాక్షుల ముందు, వివాహాధికారి ముందు ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని ప్రమాణం చెప్పుకుంటే చాలు. మిగతా తంతు మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోవచ్చని సెక్షన్ 12లోనే ఉంది. అదనపు రుసుము కడితే ఆఫీసు దగ్గర్లో మీరు కోరిన చోటికి అధికారి వచ్చే వీలూ అందులోనే ఉంది. కొల్లిపర గుంటూరు జిల్లా, అబ్బాయిదీ గుంటూరే, కాబట్టి నోటీసు ఆయన వైపు నుంచి ఇస్తే మంచిది. అధికారి ఊరిదాకా రాకపోతే ముందురోజు ఆఫీసులో సంతకాలు చేసి, కళ్ళంలో మీ దండలు మార్చుకోండి. నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు, అది గుర్తుపెట్టుకోండి.

బ్రాడీపేట_శైలజ
ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

దుగ్గిరాల_రైతు
మళ్ళీ వచ్చా. పొద్దుటి నుంచి ఒకటి మనసులో మెదులుతుంది, అడిగేస్తా. 120 మందిలో ఊరోళ్ళు ఎంతమంది?

పటమట_అమ్మాయి
అమ్మమ్మ పక్కింటివాళ్ళు, పాలు పోసే ఆమె కుటుంబం. అంతేనండీ. మిగతా అందరూ మా స్నేహితులు, దగ్గర బంధువులు.

దుగ్గిరాల_రైతు
అంటే మందు కొట్టడం ఆపాల, దొడ్డి ఇవ్వాల, కరెంటు ఇవ్వాల, బాత్రూము ఇవ్వాల. భోజనానికి మాత్రం పిలుపు లేదు. కాలవ అవతల నిలబడి చూడాల మేము. ఊళ్ళో పెళ్ళి చేసుకుని ఊరిని పిలవకపోవటం మా తాత ముత్తాతల కాలం నుంచీ లేదమ్మా. కోపమొచ్చినా చెప్తన్నా. నీకు పెంకుటిల్లు కావాల, కొబ్బరిచెట్లు కావాల, అరిటాకు కావాల. ఆడ ఉండే మనుషులు వద్దు. దీనికన్నా మీ నాయన చూసిన ఏసీ హాలు నయం. ఆడ ఎవడి చోటూ వాడుకోవు.

బ్రాడీపేట_శైలజ
ఎంత మాటన్నారండీ! అమ్మమ్మ ఇల్లు ఆ పిల్ల సొంత ఇల్లు. ఇల్లున్న పాపానికి నాలుగు వందల గడపలకి భోజనం పెట్టాలా? పిలిచినవాళ్ళందరినీ చూసుకుంటూ ఆ రోజంతా మళ్ళీ మా పెళ్ళిలాగే నిలబడాలా? ఊరు, బంధువులు, పరువు అంటూనే కదా మా నాన్న అప్పులపాలైంది. మీరూ ఆ మాటే అంటున్నారు, కాకపోతే ఊరి పేరుతో.

దుగ్గిరాల_రైతు
మీ నాయన అప్పుకి మా ఊరికీ ఏం సంబంధమమ్మా? పప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, పెరుగు. ఊరోళ్ళు అంతకన్నా అడగరు. వడ్డనకి కుర్రోళ్ళు ఊళ్ళోనే ఉంటారు, కాటరింగోడు అక్కర్లా.

తెనాలి_మాస్టారు
రైతుగారి మాటలో బరువుంది. నేను చెప్పిన దండల పెళ్ళిళ్ళలో తంతు చిన్నది గానీ జనం చిన్నది కాదు. ఊరు కళ్ళారా చూడాలనే ఆ పెళ్ళిళ్ళు చేశారు. మంత్రం తీసేశారు, ఊరిని తీసెయ్యలేదు. అమ్మాయీ, నువ్వు రెండూ తీసేస్తున్నావు.

పటమట_అమ్మాయి
మాస్టారూ, రైతుగారూ, ఇది రాయకూడదనుకున్నాను. ఇక రాస్తాను.

ఆయన ఎస్సీ. నిశ్చితార్థం సంగతి తెలిశాక ఊళ్ళో పెద్దమనుషులనిపించుకునే ఇద్దరు మా అమ్మమ్మ దగ్గరికి వచ్చారు. "పెళ్ళి మీ ఇష్టం. మరి వాళ్ళ వైపు జనానికి భోజనాలు ఏ పక్కన పెడతారు" అని అడిగారు. మా అమ్మమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. రెండిళ్ళలో గొడవ లేదని మొదట రాశాను, అది నిజమే. మా ఇళ్ళలో లేదు. ఊళ్ళో ఉంది. ఆ ఇద్దరికీ శుభలేఖ ఇచ్చి, వాళ్ళు ఆయన అమ్మగారి పక్కన కూర్చుంటారా లేదా అని నా పెళ్ళిరోజున నేను చూస్తూ ఉండాలా? ఊరి చోటు వాడుకుంటున్నానన్నారు. ఆ ఇంట్లో నేను పెరిగాను. అది వదులుకుని నేనెందుకు హాలుకి పోవాలి?

సిరి_నల్లపాడు
అక్కా...

దుగ్గిరాల_రైతు
ఆ ఇద్దర్నీ పిలవొద్దు. అడిగినోళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరి కోసం నువ్వు ఊరు మొత్తాన్ని కొట్టేశావు. మా పల్లెలో కూలికొచ్చే ఆడోళ్ళు, ఎస్సీ కాలనీ వాళ్ళు, అందరూ ఊరే. నిజానికి నీ పెళ్ళికి ముందు పిలవాల్సింది కాలనీ వాళ్ళని. ఆళ్ళ పిల్లోడు ఒకడు ఈ ఊరి అల్లుడవుతుంటే ఆళ్ళకి తెలవొద్దా? మొదటి బంతిలో కూర్చోబెట్టు. ఎవడికి ఇష్టంలేదో ఆడే లేచిపోతాడు.

తెనాలి_మాస్టారు
గోరాగారు పౌర్ణమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టింది ఇందుకే. పక్కపక్కన కూర్చుని తినడం అందరూ చూడాలని.

బ్రాడీపేట_శైలజ
మాస్టారూ, గోరాగారు పెట్టింది భోజనాలు. అక్కడికి ఎందుకొస్తున్నారో తెలిసి వచ్చారు. ఇది పెళ్ళి. మొదటి బంతిలోంచి ఎవరో ఒకరు లేచిపోతే, అది చూసేది ఆ అబ్బాయి తల్లి. మీ ఇద్దరికీ అది ఊరు మారడం. ఆవిడకి కొడుకు పెళ్ళిలో జరిగిన అవమానం. ఊరిని బాగుచెయ్యాల్సిన పని ఊళ్ళో ఉన్నవాళ్ళది, ఆ రోజున పెళ్ళికూతురిది కాదు. రైతుగారూ, మీరు ఆ ఇద్దరు పెద్దమనుషులతో ఈ మాట ఎప్పుడన్నా అన్నారా? పక్క ఊరే కదా.

దుగ్గిరాల_రైతు
అనలేదు. ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. అయినా ఊరు చూడని పెళ్ళయితే, రేపు ఆ అబ్బాయి అత్తగారి ఊరొచ్చినప్పుడు ప్రతిసారీ కొత్తోడే. ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతారు, బారసాలకి అడుగుతారు, మీ అమ్మమ్మ పోయినరోజు అడుగుతారు. ఒక్కసారి ఎదురుగా తేల్చుకోవటం మంచిదని నా మాట. నీకు కష్టమని తెలుసు.

ఉయ్యూరు_పిన్ని
పెళ్ళికొడుకు ఏమంటున్నాడమ్మా? ఇందాకటి నుంచి అందరం మాట్లాడుతున్నాం, ఆయన మాట ఎవరూ అడగలేదు.

పటమట_అమ్మాయి
ఆయనకి ఊరిని పిలవాలనే ఉంది. నేనే వద్దన్నాను. కానీ ఇది ఆయనా నేనూ తేల్చేది కాదు, వాళ్ళమ్మగారు చెప్పాలి. అమ్మమ్మకి వచ్చిన ప్రశ్న ఆవిడకి మేము ఇంతవరకు చెప్పలేదు. ఆదివారం గుంటూరు వెళ్తున్నాం, చెప్పి అడుగుతాం. ఆవిడ సరేనంటే కాలనీ మొదలు ఊరంతా పిలుస్తాం, ఆ ఇద్దరికి తప్ప. వద్దంటే ఇంకో మాట లేదు, 120 మందే. మాస్టారూ, అప్పుడు మీరు తప్పన్నా నేను ఒప్పుకోను.

తెనాలి_మాస్టారు
తప్పనను. లోటంటాను.

దుగ్గిరాల_రైతు
సరే. ఏదైనాగానీ, పక్క చేను ఆయన దగ్గరికి మీ అమ్మమ్మని పంపించొద్దు. నువ్వూ ఆ అబ్బాయీ కలిసి వెళ్ళండి. ఆయన్ని మాత్రం భోజనానికి పిలవకుండా తిరిగి రావొద్దు.

గవర్నర్‌పేట_మూర్తి
ఫిబ్రవరి అంటే నోటీసు డిసెంబరు ఆఖరులోపు పడాలమ్మా. ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి జరక్కపోతే మళ్ళీ కొత్త నోటీసివ్వాలి. ఆదివారం ఎలాగూ గుంటూరు వెళ్తున్నారు కదా, సోమవారం ఆగి ఆ పని చూసుకుని రండి.