నిశ్చితార్థం వాయిదా పడిందా, రద్దయిందా?

ప్రశ్న (కావలి నుంచి):
మాస్టారూ, నవంబరు వానలకు ఊళ్లో రోడ్లన్నీ మునిగి, మా అబ్బాయి నిశ్చితార్థం ఆదివారం నుంచి బుధవారానికి మార్చుకున్నాం. చెన్నైలో ఉన్న వియ్యాలవారి బంధువులకు అబ్బాయి ఇంగ్లీషులో ‘కాల్డ్ ఆఫ్’ అని సందేశం పెట్టాడు. గంట తిరక్కుండా ఫోన్ల మీద ఫోన్లు, పిల్ల తరఫువాళ్లు కాదన్నారా అని! వాడు రాసినదాంట్లో తప్పేమిటి?

జవాబు (ఒంగోలు నుంచి):
అమ్మా, వాళ్లు కంగారు పడటంలో తప్పు లేదు. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడం. మీవాడు రాయవలసింది ‘పుట్ ఆఫ్’, అంటే వాయిదా వేయడం. చివరి ‘ఆఫ్’ రెండింటికీ ఒకటే కావడంతో పిల్లలు పొరబడుతుంటారు. నేను ఒక గుర్తు చెబుతాను: పక్కన కొత్త తేదీ పెట్టగలిగితే అది పుట్ ఆఫ్. మన ‘వాయిదా’ కూడా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాటే. అక్కడ దానికి మాట ఇవ్వడమని అర్థం. ఫలానా రోజున చేస్తామన్న మాట అందులోనే ఉంది. ఎంత చక్కటి పదమో చూడండి.

ఇంకో చిక్కుంది. తెలుగులో ‘వాయిదా వేశాం’ అంటే మనం తీసుకున్న నిర్ణయం, ‘వాయిదా పడింది’ అంటే వాన చేసిన పని. వేయడం, పడటం అని మనకు రెండు క్రియలున్నాయి. ఇంగ్లీషులో ‘పుట్ ఆఫ్’ దానంతట అది పడదు, ఎవరో వేయాలి. కాబట్టి ‘ఫంక్షన్ పుట్ ఆఫ్’ అని వదిలేయకుండా ‘హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్’ అనాలి.

‘వెళ్లడం వాయిదా వేశాను’ అనడానికి చాలామంది ‘పుట్ ఆఫ్ టు గో’ అని రాస్తారు. మనం ‘వెళ్లడానికి వాయిదా వేశాను’ అనం కదా! తెలుగులో ‘వెళ్లడం’ అన్నచోట అక్కడ ‘గోయింగ్’ రావాలి. ‘ఇట్’ వస్తే మాత్రం నడుమనే ఉండాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’.

కావలి నుంచి:
తేదీ గుర్తు బాగుంది మాస్టారూ. అయితే ఏమని పంపమంటారు?

ఒంగోలు నుంచి:
‘ది ఎంగేజ్‌మెంట్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ వెడ్నెస్‌డే’ అని పంపించండి. వానల వల్ల అని కూడా ఒక ముక్క చేర్చండి. పెద్దవాళ్లకు మాత్రం మీరే ఫోన్ చేసి తెలుగులో చెప్పండమ్మా.