సెన్సర్ లైటు వెలుగుతోంది, సైరన్ మోగట్లేదు

ప్రశ్న: 433 మెగాహెర్ట్జ్ వైర్‌లెస్ అలారం. తలుపు తీస్తే పదింట్లో రెండుసార్లు ప్యానెల్ (సెన్సర్ సిగ్నల్ అందుకుని సైరన్ మోగించే పెట్టె) పలకట్లేదు. బ్యాటరీ కొత్తదే. ఇక దొంగ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ తెస్తే దీని గతేంటండీ?

జవాబు: లైటు వెలిగిందంటే సెన్సర్ పంపిందని అర్థం, ప్యానెల్‌కు అందిందని కాదు. చవక కిట్లలో సెన్సర్లు వన్‌వే. కోడ్‌ను కొన్నిసార్లు పంపేసి నిద్రపోతాయి, చేరిందో లేదో చూడవు. అదే క్షణంలో గేటు రిమోట్ నొక్కినా కోడ్ చెడిపోతుంది. ముందు ప్యానెల్‌ను రౌటర్, ఇన్వర్టర్, ఎల్‌ఈడీ అడాప్టర్ల నుంచి కనీసం మీటరు దూరం జరపండి. ఇనుప బీరువా పక్కన అస్సలు వద్దు. యాంటెనా మామూలు తీగైతే నిటారుగా సాగదీయండి, పొడవు సుమారు 17 సెంటీమీటర్లు ఉండాలి. స్ప్రింగులా ఉంటే ముట్టుకోకండి, అది కావాలనే అలా చుట్టింది.

ఇంకో జవాబు: జామర్‌కు చోటు మార్పు మందు కాదండి. టూవే సెన్సర్లు, జామింగ్ గుర్తింపు, సూపర్‌విజన్ (ప్రతి సెన్సర్ ఇంకా పలుకుతోందో లేదో ప్యానెల్ కనిపెట్టుకుని ఉండడం) ఉన్న ప్యానెల్ కావాలి. ఒక సెన్సర్ బ్యాటరీ తీసి, ప్యానెల్ ఎంతసేపటికి ఫిర్యాదు చేస్తుందో గడియారం పెట్టి చూడండి. రోజంతా గడిచినా ఉలకకపోతే సూపర్‌విజన్ లేనట్టే.

ప్రశ్నించినవారు: ప్యానెల్‌లో రెండు వైర్డ్ జోన్లు (సెన్సర్‌ను తీగతో కలిపే చోట్లు) ఖాళీగా ఉన్నాయి. వాడొచ్చా?

జవాబు: తప్పకుండా. వీధి తలుపు, పెరటి తలుపు వాటికే ఇవ్వండి. ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్‌ను (తీగలను ఎవరైనా కలిపేస్తే ప్యానెల్‌కు తెలిసేలా చేసే చిన్న భాగం) మాత్రం సెన్సర్ దగ్గరే, కాంటాక్ట్‌తో, అంటే తలుపు స్విచ్‌తో, సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) పెట్టాలి. చాలామంది ప్యానెల్ పెట్టెలోనే బిగించేస్తారు. అప్పుడు దారిలో ఎవరైనా రెండు తీగలూ కలిపేసినా ప్యానెల్‌కు తలుపు మూసినట్టే కనిపిస్తుంది.