టెంపుల్స్ విన్నారా? ఇలాంటి బ్యాండ్లు ఇంకేమున్నాయ్?

తేలే_రాగం: ప్లేలిస్ట్ దానంతటదే తిరుగుతుంటే టెంపుల్స్ అనే బ్యాండ్ తగిలింది. పన్నెండు తీగల గిటార్, గొంతు మీద ఎకో, వెనకాల మెలోట్రాన్ (టేపులతో పలికే పాత కీబోర్డు) ఫ్లూట్ లాంటిదేదో. అచ్చం 1967లో తీసినట్టుంది! ఇలాంటి సైకెడెలిక్ పాప్ (అరవైల నాటి మత్తెక్కించే, కలలాంటి పాటలు) వాళ్లు ఇంకెవరున్నారు? హెడ్‌ఫోన్స్ ఏవి మంచివి? వినైల్ రికార్డు కొంటే తేడా తెలుస్తుందా?

పాత_సూది: కొత్త బ్యాండా? వాళ్లది ఇంగ్లండ్‌లో కెటరింగ్, తొలి ఆల్బమ్ 2014లోనే వచ్చింది. అప్పట్లో నేను ఇక్కడే మొత్తుకుంటే ఒక్కరు పలకలేదు. ఇప్పుడు అల్గారిథమ్ చెప్తే అందరికీ చెవులొచ్చాయి.

రీలు_మాస్టర్: అది మెలోట్రాన్ కాదు, ప్లగిన్ (కంప్యూటర్‌లో దాని శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్). అసలుది వాయించినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. అందులో ఒక్కో మీటకి ఒక్కో టేపు ముక్క ఉంటుంది. నొక్కి పట్టుకుంటే ఓ 8 సెకన్లు పలికి ఆగిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగ్ టేపును వెనక్కి లాగుతుంది. కార్డ్ (కలిపి నొక్కిన స్వరాలు) ఇంకా సాగాలంటే వేళ్లు ఒక్కొక్కటీ ఎత్తి మళ్లీ నొక్కుతూ పోవాలి.

నాబ్_తిప్పుడు: 8 సెకన్లకి ఆగేలా ప్లగిన్‌లోనూ పెట్టుకోవచ్చు సార్. టేపు వణుకు, గరగర కూడా వచ్చేస్తాయి. చెవితో వినేసి తేల్చేస్తారా?

రీలు_మాస్టర్: తేలుస్తా. బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వచ్చే ఫ్లూట్ వినండి. ఏ రెండు స్వరాలూ ఒకేలా ఊపిరి తీసుకోవు. అది మెషీన్ లోపం, అందమూ అదే.

నాబ్_తిప్పుడు: ఆ పాటే రెండు టేక్‌లు (వేర్వేరుగా రికార్డ్ చేసినవి) అతికించి చేసింది! స్పీడ్ మార్చి శ్రుతి కలిపారు. 1966లో వాళ్లు చేస్తే కళ, ఇప్పుడు లాప్‌టాప్‌లో మేం చేస్తే దొంగతనమా?

రీలు_మాస్టర్: దొంగతనం అని నేనెక్కడన్నాను? మీరే తగిలించుకుంటున్నారు.

మోనో_మూర్తి: హెడ్‌ఫోన్స్ అడిగారు కదా. ముందు మోనో మిక్స్‌లు (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చేవి) వినండి. అరవైల్లో బుర్రపెట్టి చేసింది మోనోనే. స్టీరియో అంటే చాలావాటిలో గొంతంతా ఒక చెవిలో, డ్రమ్స్ రెండో చెవిలో. ఒక ఇయర్‌బడ్ పాడైందంటే సగం బ్యాండ్ మాయం.

తేలే_రాగం: అడిగింది కొత్త బ్యాండ్లకి అండీ...

నిద్రరాని_శ్రోత: నాకిప్పుడు కొత్త బ్యాండ్ అంటేనే భయం. 2025లో వెల్వెట్ సన్‌డౌన్ అని వచ్చింది, గుర్తుందా? అదే డెబ్బైల వాసన, నెలకి 10 లక్షలు దాటిన శ్రోతలు. జులైకల్లా ఏఐతో చేసిన ప్రాజెక్టని వాళ్లే చెప్పేశారు. మా తమ్ముడు ఇప్పటికీ "మీ రోబోలు బాగున్నారా?" అని పలకరిస్తాడు. అందుకే ముందు లైవ్ వీడియో చూస్తాను. డ్రమ్మర్‌కి చెమట పట్టాలి, గిటార్ ఒక్కసారైనా శ్రుతి తప్పాలి.

పాత_సూది: టేమ్ ఇంపాలా ఆల్బమ్స్‌లో దాదాపు అన్నీ కెవిన్ పార్కర్ ఒక్కడే వాయిస్తాడు. అదీ బ్యాండ్ కాదంటారా?

నిద్రరాని_శ్రోత: ఒక్కడైనా మనిషే కదయ్యా!

మోనో_మూర్తి: మనిషే, కానీ 2015 ‘కరెంట్స్’ నుంచి గిటార్ తగ్గించి సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు) ఎక్కించాడు. నాకు అక్కడే తెగిపోయింది. ముందుది ‘లోనరిజమ్’ చాలు.

సాజ్_పిచ్చి: పోట్లాట అయ్యాక ఆల్తున్ గ్యున్ వినండి. ఆమ్‌స్టర్‌డామ్ బ్యాండ్, మొదటి ఆల్బమ్ 2018. టర్కీ జానపదాలకి ఎలక్ట్రిక్ సాజ్ (పొడవు మెడ ఉన్న టర్కీ తీగవాయిద్యం), ఫంక్ బేస్ కలిపారు. సాజ్ మెడ మీద పావు స్వరాలకి కూడా మెట్లుంటాయి. ఆ జారుడు మామూలు గిటార్ మెట్ల మీద రాదు.

రీలు_మాస్టర్: తీగ వంచితే గిటార్‌లోనూ వస్తుంది.

సాజ్_పిచ్చి: వంచి వేగంగా ఒక పల్లవి మొత్తం వాయించి రికార్డ్ పెట్టండి సార్, వింటాం.

నాబ్_తిప్పుడు: 😂 ఎదురుచూస్తున్నాం మాస్టారూ. ప్లగిన్ వాడకుండా.