అరికాలి మచ్చ: కోయకుండా కెమెరాతోనే తేల్చుకోవచ్చా?

కదిరి అబ్బాయి, మారతహళ్ళి

అందరికీ నమస్కారం. మా నాన్నకు 63 ఏళ్ళు. కదిరి దగ్గర పల్లెలో శెనక్కాయ, కొంచెం మిరప పండిస్తారు. ఎడమ మడమ దగ్గర నల్ల మచ్చ ఏడాదిగా పెరుగుతోంది. ఆనె అనుకుని ఊళ్ళో బ్లేడుతో చెక్కించుకున్నారు కూడా. ఇప్పుడు రూపాయి బిళ్ళంత అయింది. ఒక పక్క కారునలుపు, ఇంకో పక్క గోధుమరంగు. ఇక్కడ బెంగళూరులో స్కిన్ డాక్టరుగారు చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూసి, క్యాన్సరేమో తేల్చడానికి ముక్క తీసి పరీక్షకు (బయాప్సీ) పంపుదామన్నారు. నాన్న ససేమిరా అంటున్నారు. కత్తి తగిలితే పాకుతుందని మా పెద్దమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. కోయకుండానే లోపలి కణాలను చూపించే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్, ఓసీటీ అనే కాంతి స్కాన్ లాంటివి ఉన్నాయని చదివాను. అవి చేయిస్తే కోత తప్పుతుందా? ఇంట్లో రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

హెచ్ఎస్ఆర్ అక్క

తమ్ముడూ, తొందరపడకండి. రెండేళ్ళ కిందట నా బుగ్గ మీద నల్ల మచ్చ లేస్తే ఒక క్లినిక్‌లో వెంటనే కోసేద్దామన్నారు. ఇంకో డాక్టరమ్మ డెర్మోస్కోప్ పెట్టి చూసి, ఇది వయసుతో వచ్చే మామూలు పొక్కు, ఫొటో తీసి ఉంచుదాం, మారితే అప్పుడు చూద్దాం అన్నారు. ఇప్పటికీ అలాగే ఉంది. మన ఒంటి రంగుకు కోసిన చోట గుర్తు పోదు, కొందరికి గడ్డలా లేస్తుంది కూడా. ముందు బొమ్మలు, తర్వాతే కత్తి. నా మాట ఇదే.

సూక్ష్మదర్శిని

నేను బయాప్సీ స్లైడ్లు చూసే పనిలో ఉన్నాను. అక్కగారి బుగ్గ మచ్చ వేరు, నాన్నగారి మడమ మచ్చ వేరు. రెండింటికీ ఒకే న్యాయం కుదరదు.

కాన్‌ఫోకల్ మంచి పరికరమే. సన్నని లేజర్ కాంతితో కణాలను ఒక్కొక్కటిగా చూపిస్తుంది. కానీ లోపలికి వెళ్ళేది మిల్లీమీటరులో ఐదో వంతు, అంటే సుమారు 0.2 మిల్లీమీటర్లే. ముఖం మీది పల్చటి చర్మానికి అది సరిపోతుంది. మడమ మీద చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన మనిషి చర్మం ఎంత మందంగా ఉంటుందో మీకు తెలుసు. ఆ కాంతి పైపొరలోనే ఆగిపోతుంది. ఓసీటీ ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది గానీ, కణాలు అంత స్పష్టంగా కనబడవు. బేసల్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్‌కు అది బాగా పనికొస్తుంది. నల్ల మచ్చను మెలనోమా (రంగు కణాల్లో పుట్టే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్) కాదని తేల్చి చెప్పడానికి దాని మీద ఆధారపడలేం.

ఇంకో సంగతి. మెలనోమా అయితే వైద్యం మొత్తం దాని మందం మీద నడుస్తుంది. 1970లో బ్రెస్లో అనే వైద్యుడు చెప్పిన కొలత ఇప్పటికీ అదే. 1 మిల్లీమీటరు లోపుంటే చుట్టూ 1 సెంటీమీటరు మంచి చర్మంతో కలిపి తీస్తారు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు. ఆ కొలత తీసేది స్లైడ్ మీదే.

ముక్క తీస్తే పాకుతుందన్న భయం పెట్టుకోకండి. బయాప్సీ వల్ల మెలనోమా రోగుల ఆయుష్షు తగ్గిందని అధ్యయనాల్లో తేలలేదు. ఆలస్యం మాత్రం ప్రమాదం. మన దగ్గర ఇవి ఎక్కువగా అరికాళ్ళలో, గోళ్ళ కిందే వస్తాయి, ఆనె అనో దెబ్బ అనో నెలలు గడిచిపోతాయి. అలా ఆలస్యమై వచ్చిన స్లైడ్లు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బెళ్ళందూరు కోడర్

యాప్‌లో ఫొటో పెడితే చెప్పేస్తుంది కదా అని ఎవరైనా అనే లోపే రాస్తున్నాను. నా పని ఇమేజ్ ప్రాసెసింగే. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 1,29,450 ఫొటోలతో శిక్షణ ఇచ్చిన కంప్యూటర్ మోడల్ చర్మవైద్యులకు దీటుగా నిలిచిందని పెద్ద వార్త అయింది. నాకూ అప్పట్లో ఎంతో ఆశ కలిగింది. 2022లో అక్కడివాళ్ళే రకరకాల చర్మపు రంగులతో 656 ఫొటోలు పోగుచేసి పేరున్న మోడళ్ళను పరీక్షిస్తే, ముదురు రంగు చర్మం మీద అవి బాగా తడబడ్డాయి. మన చర్మాన్ని సరిగ్గా చూడని యంత్రం మాట పట్టుకుని నాన్నగారి కాలు విషయం తేల్చకండి.

అయినా బొమ్మలు వద్దనను. డెర్మోస్కోప్ 10 రెట్లు పెద్దది చేసి, పైపైన మెరుపు లేకుండా చూపిస్తుంది. మచ్చ అంతటినీ కోయలేనప్పుడు ఎక్కడి ముక్క తీయాలో చెప్పేది అదే. గుడ్డిగా ఒక మూల తీస్తే అసలు చోటే తప్పిపోవచ్చు.

జయనగర్ బాబాయి

మొత్తం ఒంటికి పెట్ స్కాన్ తీయిస్తే పోదా?

సూక్ష్మదర్శిని

లేదు బాబాయిగారూ. అది పాకిందా లేదా అని తర్వాత చూడటానికి. చర్మం మీది చిన్న మచ్చ ఏమిటో అది చెప్పలేదు.

హెచ్ఎస్ఆర్ అక్క

ముఖం మీది మచ్చల విషయంలో నా మాట మార్చుకోను. అనవసరపు కోతలు నిజంగానే జరుగుతున్నాయి. కానీ పెరుగుతున్న అరికాలి మచ్చకు ఆ సలహా ఇవ్వకూడదని ఒప్పుకుంటున్నాను. తమ్ముడూ, ఖర్చు భయం ఉంటే హోసూరు రోడ్డులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ సంస్థ.

కదిరి అబ్బాయి, మారతహళ్ళి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నాన్నను మళ్ళీ తీసుకెళ్ళాను. డాక్టరుగారు డెర్మోస్కోప్ బొమ్మను ఫోన్లో పెద్దది చేసి చూపించారు. అరికాలి గీతల్లో బోదెలు, సాళ్ళు ఉంటాయట. మామూలు మచ్చకు నలుపు సాళ్ళలో ఉంటుంది, అనుమానించాల్సిన దానికి బోదెల మీద ఉంటుంది అన్నారు. మిరప నాటే మనిషికి ఇంకేం చెప్పాలి! నాన్న ఆ బొమ్మను చాలాసేపు చూశారు. 'బోదెల మీదే ఉంది కదప్పా' అన్నారు. ఆ తర్వాత కత్తి గురించి మాట్లాడలేదు.

గురువారం పొద్దున 9కి టైమ్ ఇచ్చారు. పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు. ముక్క తీశాక మడమ మీద బరువు పడకుండా ఎన్నాళ్ళు ఉండాలి, బస్సులో ఊరికి పంపవచ్చా, తెలిసినవాళ్ళు చెప్పండి.