ప్రారబ్ధమా, ప్రారంభమా?

పుట్టపాక మగ్గం: "ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై" తర్వాతి పాదం పొద్దుటి నుంచి నోట్లో నానుతోంది. మా సార్ "ప్రారంభార్థము లుజ్జగింపరు సుమీ" అని చదివించినట్టు గుర్తు. అడ్డంకులకు జడిసి నీచులు పని మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి వదిలేస్తారు, ధీరులు వదలరు (ఉజ్జగింపరు) అనే పద్యం. మొన్న నల్లగొండలో చిన్న వ్యాపారులకు పెట్టిన క్లాసులో స్టోయిక్కులనే పాత గ్రీకు, రోమన్ తత్త్వవేత్తల గురించి చెప్పారు. అడ్డొచ్చిందే దారి అవుతుందని వాళ్లలో ఒకడైన మార్కస్ అరీలియస్ రాసుకున్నాడట. ఈ పద్యాన్ని తెనిగించిన మన ఏనుగు లక్ష్మణకవి మాటే కదా అనిపించింది. ఇంతకీ రంభానా, రబ్ధానా?

నకిరేకల్ పంతులు: రబ్ధా. భర్తృహరి సంస్కృత మూలమే "ప్రారబ్ధముత్తమజనా న పరిత్యజంతి". ఇందులో చర్చ ఏముంది?

ఛందోపిచ్చి: ఉంది సార్. శార్దూలంలో మొదటిది మగణం. ప్రారబ్ధా అన్నా, ప్రారంభా అన్నా మూడూ గురువులే. ప్రాస రకారం, యతి ప్రా–ప్ర, ఏదీ చెడదు. పైన రెండు పాదాలూ "ఆరంభింపరు", "ఆరంభించి" అని మొదలయ్యాక నోరు రంభా వైపే పోతుంది.

నకిరేకల్ పంతులు: నోరు జారితే అది పాఠాంతరం అయిపోదు నాయనా. "మొదలుపెట్టిన" అనే అర్థం రబ్ధాలోనే ఉంది.

కొల్లాపురం: అందరూ లక్ష్మణకవి దగ్గరే ఆగారు. ఆయనకన్నా ముందే మా జటప్రోలు సంస్థానంలో ఎలకూచి బాలసరస్వతి భర్తృహరిని తెనిగించాడు. ఆయన మకుటం "సురభిమల్లా! నీతివాచస్పతీ!" అని ఒక్కసారి పైకి చదవండి, ఆ ఠీవి తెలుస్తుంది. రాముడు, కృష్ణుడు, పాండవులు, ఈ మూడు కథలూ ఒకే కావ్యంలో నడిపిన మనిషి. పాలమూరులోనే తలచేవాళ్లు లేరు.

ఛందోపిచ్చి: ఠీవి సరే అన్నా, ఆ మకుటానికే 11 అక్షరాలు పోతాయి. 19 అక్షరాల శార్దూలపాదంలో ఇక మిగిలేది 8. అందుకే జనం నోట లక్ష్మణకవి నిలిచాడు.

మిర్యాలగూడ మిల్లు: మా ఇళ్లలో ప్రారబ్ధం అంటే ఖర్మే. ఆ లెక్కన ధీరులు ఖర్మను ఒప్పుకుంటారని అర్థం. స్టోయిక్కుల్లో ఎపిక్టెటస్ చెప్పిందీ అదే కదా, మన చేతిలో ఉన్నవి వేరు, లేనివి వేరు. వడ్ల తేమ, వాన, బియ్యం రేటు నా చేతిలో ఉన్నాయా? మిల్లు ఎలా నడపాలన్నదే నాది.

నకిరేకల్ పంతులు: ప్రారబ్ధకర్మ అన్నా ఫలించడం మొదలైన కర్మ అనే. ధాతువు ఒకటే. కానీ పక్కన "అర్థములు" చేరాక ఖర్మకు చోటెక్కడ?

ఛందోపిచ్చి: స్టోయిక్కులతో ఇంకో తిరకాసు. వాళ్ల మూలపురుషుడు జీనో ఊదారంగు సరుకుతో పోతుంటే ఓడ మునిగిందనీ, ఏథెన్సులో పుస్తకాల అంగట్లో సోక్రటీస్ గురించి విని తత్త్వంలో పడ్డాడనీ చెబుతారు. మళ్లీ సరుకు ముట్టలేదు. మొదలుపెట్టింది వదిలేశాడు కాబట్టి మన పద్యం ప్రకారం మధ్యముడే!

పుట్టపాక మగ్గం: మేమూ రంగులవాళ్లమే, జీనోను ఏమీ అనకండి. మా ఇక్కత్ బట్ట తేలియా రుమాలుకు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదనీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతాం. ఆ పని మధ్యలో వదిలితే నూలు పాడు, నిజమే. కానీ అమ్ముడుపోని డిజైన్‌ను కూడా ఉజ్జగించొద్దా? అప్పు ఎవరు కడతారు?

మిర్యాలగూడ మిల్లు: అర్థం అంటే లక్ష్యం అనుకో తమ్మీ. డిజైన్ మార్చు, మగ్గం ఆపకు.

నకిరేకల్ పంతులు: ఇక్కడ అర్థం అంటే పని. లక్ష్యం కాదు, డబ్బు అసలే కాదు.

కొల్లాపురం: ఈ పాదాన్ని బాలసరస్వతి ఎట్లా తెనిగించాడో పుస్తకం ఉన్నవాళ్లు పేజీ ఫోటో పెట్టండి. మళ్లీ లక్ష్మణకవిది పెట్టకండి.