పెయ్యదూడకి కొమ్ము మొగ్గ కాల్పించడం: ఎప్పుడు, ఎలా?

పలమనేరు రైతు:
మాకు నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులున్నాయి. పాక ఇరుకు. ఆమధ్య దాణా దగ్గర ఒకటి పక్కదాన్ని పొదుగు మీద కుమ్మింది. చన్ను చీరుకుపోయి కుట్లు పడ్డాయి, ఇప్పటికీ అక్కడ చెయ్యి వేస్తే తంతోంది. అందుకే కొత్తగా పుట్టిన పెయ్యదూడకి ముందే కొమ్ములు రాకుండా చేయిద్దామని. దానికి మూడు వారాలు. నెత్తి మీద తడిమితే చొక్కా గుండీ అంత కొమ్ము మొగ్గ గట్టిగా తగులుతోంది. ఎనిమిది నెలల పెయ్య ఇంకోటుంది, దానికి కొమ్ములు వచ్చేశాయి. కాస్టిక్ (చర్మాన్ని కాల్చే క్షారం) రుద్దితే చాలని పక్కింటాయన అంటున్నాడు. మా అమ్మేమో, కనుమకి రంగు దేనికి పూస్తావురా అంటోంది. చేయించినవాళ్లు చెప్పండి.

సిద్దిపేట అక్క:
తమ్మీ, కాస్టిక్ మాట మర్చిపో. అది పుట్టిన మొదటి వారం లోపు దూడలకి. అప్పుడు కూడా మొగ్గ చుట్టూ వాజలీన్ రాయకపోతే కంట్లోకి కారుతుంది, వానలో తడిస్తే మొహమంతా కాలుతుంది. పాలకి తల్లి దగ్గర వదిలావా, పొదుగుకి అంటుకుంటుంది. ఉన్న గాయం చాలదా?

మా జెర్సీ దూడలకి, ముర్రా దున్నపిల్లలకి కూడా వేడి ఇనుముతోనే చేయించాం. డాక్టర్ ముందు వెంట్రుకలు కత్తిరించి మత్తు సూది వేస్తారు. వేయగానే మొదలుపెట్టనివ్వకు. పది నిమిషాలు ఆగి, మొగ్గ దగ్గర సూదిమొనతో గుచ్చి చూడమను. దూడ ఉలిక్కిపడిందంటే మత్తు ఎక్కలేదన్నట్టే. నేను దూడ తల తొడకి ఆనించి పట్టుకుంటాను. ఇనుము గుండ్రంగా తిప్పుతూ నొక్కితే మొగ్గ చుట్టూ రాగి రంగు వలయం పడాలి. వెంట్రుకలు కాలిన కమురు వాసన మాత్రం ఘోరం, చీర ఉతికినా పోదు. మత్తు దిగాకే అసలు నొప్పి, కాబట్టి నొప్పి తగ్గించే మందు మెలాక్సికామ్ కూడా వేయించు. మత్తు ఎందుకు, చిన్న దూడే కదా అనే మనిషైతే పాకలోకి రానివ్వకు.

రిటైర్డ్ పశువైద్య సహాయకుడు:
అక్క చెప్పింది సరైన పద్ధతి. రెండు నెలల లోపు ఆ మొగ్గ చర్మంలోనే కదులుతూ ఉంటుంది, పుర్రెకి అతుక్కోదు. తర్వాత అతుక్కుంటుంది. ఆరేడు నెలలు దాటాక నుదుటి ఎముకలోని గాలి గది కొమ్ము లోపలికి పాకుతుంది. అప్పుడు మొదలంటా కోస్తే తలలోకి కిటికీ తెరిచినట్టే. రక్తం, చీము, ఈగలు వాలితే పురుగు. అందుకని మీ ఎనిమిది నెలల పెయ్య జోలికి పోవద్దు. మరీ కుమ్ముతుంటే కొమ్ము కొన మాత్రం మొద్దు చేయించండి, అదీ డాక్టర్‌తోనే. రంపం పట్టుకుని ఊళ్లో తిరిగేవాళ్లని పిలవకండి. 1960 జంతు హింస నిరోధక చట్టం కూడా కొమ్ములు తీయడాన్ని నిర్దేశించిన పద్ధతిలో చేస్తేనే ఒప్పుకుంటుంది.

ఒంగోలు కోడెల రైతు:
ఇదంతా క్రాస్ ఆవులకేనండోయ్. ఒంగోలు దూడ ఉంటే ముట్టుకోకండి. ఆ పొట్టి కొమ్ములు చూసే బేరం కుదురుతుంది. పాకలో కుమ్ములాటకి సగం కారణం దాణా తొట్టి చాలకపోవడం. కొమ్ముల సంగతి తర్వాత, ముందు తొట్టి పొడుగు పెంచండి.

పలమనేరు రైతు:
తొట్టి మాట నిజమే అన్నా, రెండు ఆవులకి కట్టిందే నాలుగూ తింటున్నాయి. పెద్ద పెయ్యని చివరి గుంజకి మారుస్తాను. దూడ కోసం రేపు పశువుల ఆసుపత్రికి వెళ్తా, అక్కడ కుదరకపోతే సంచార పశువైద్యం నంబర్ 1962కి ఫోన్ చేస్తా. అక్కా, కాల్చిన చోట కట్టు కట్టాలా?

సిద్దిపేట అక్క:
వద్దు, గాలి తగలాలి. పొక్కు దానంతట అదే రాలేదాకా గోకి తీయకు. పుండు మీద కాకుండా చుట్టూ వేపనూనె రాయి, ఈగ వాలదు. రోజూ పొద్దున చూడు, తడిగా ఉండి వాసన వస్తే వెంటనే డాక్టర్‌కి చూపించు. అమ్మకి చెప్పు, కనుమకి పెద్ద పెయ్య కొమ్ములు ఉన్నాయిగా.