అమ్మ బాధ డాక్టరుకి నా నోటితో చెప్పడం సరైనదేనా?

ప్రశ్న:
అమ్మకి 71 ఏళ్ళు. గ్రీన్ కార్డు మీద అమెరికా వచ్చి మూడేళ్ళయింది, మా దగ్గరే ఉంటోంది. ఇంగ్లీషు రాదు. డాక్టరు దగ్గర ఎప్పుడూ మధ్యలో నేనే మాట్లాడతాను. మొన్న అర్ధరాత్రి అమ్మ బట్టలు ఉతుక్కుంటుంటే మా ఆవిడ చూసింది. ఎనిమిది నెలలుగా మూత్రం ఆపుకోలేకపోతోందట. అందుకే నీళ్ళు తాగడం తగ్గించేసింది, బయటికి రావడం మానేసింది. నేనేమో మోకాళ్ళ నొప్పులనుకున్నాను. డాక్టరు "ఇంకేమైనా ఇబ్బందా?" అని అడిగిన ప్రతిసారీ నేను తెలుగులో అడిగాను, "ఏం లేదు నాన్నా" అంది. కొడుకుతో ఎలా చెబుతుంది? నాకు ఆ మాత్రం తట్టలేదు. హాస్పిటల్ వాళ్ళు తెలుగు మనిషిని ఇస్తారా? ఖర్చెంత? ఇంకోటి, అమ్మ సన్నగానే ఉంటుంది, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 24. షుగర్ టెస్టు ఇప్పుడు అక్కర్లేదన్నారు.

జవాబు:
నేను నర్సుని. మీరు పైసా కట్టక్కర్లేదు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వ ఇన్సూరెన్స్), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఇన్సూరెన్స్) డబ్బు తీసుకునే హాస్పిటళ్ళు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలని అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557 సెక్షన్ చెబుతోంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు, ఆడవాళ్ళు కావాలి" అనండి. ఫోన్లోనో వీడియోలోనో వస్తారు. హిందీ సరిపోతుందా అంటే ఒప్పుకోవద్దు. మీరు గది బయట కూర్చోండి. కొడుకు బయటికి వెళ్ళాకే నోరు విప్పిన తల్లుల్ని చాలామందిని చూశాను. నీళ్ళు మాత్రం తగ్గించనివ్వకండి, ఇన్ఫెక్షన్ వస్తుంది.

జవాబు:
మాటిమాటికీ మూత్రం రావడానికి షుగర్ కూడా కారణం కావచ్చు, టెస్టు వదలొద్దు. మనవాళ్ళకి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. అందుకే ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే పరీక్షించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. ఈ మాట చెప్పి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రాయించుకోండి.

జవాబు:
ఇన్సూరెన్స్ సంగతి కూడా రాసిపెట్టుకోండి. గ్రీన్ కార్డుతో వరుసగా 5 ఏళ్ళు ఇక్కడే ఉంటే మెడికేర్‌లో ప్రీమియం కట్టి చేరొచ్చు. 5 ఏళ్ళు నిండే నెలకి 3 నెలల ముందే అప్లై చేయొచ్చు. గడువు దాటితే పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం) ప్రీమియం మీద ఆలస్యమైన ప్రతి 12 నెలలకీ 10 శాతం పెనాల్టీ పడుతుంది. మా నాన్నకి నాకు తెలియక అలాగే పడింది, ఇంకా కడుతున్నాం.

అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ ఫోన్ చేశాను. వచ్చే వారం వీడియోలో తెలుగావిడ ఉంటారట, షుగర్ టెస్టూ రాస్తామన్నారు. నేను బయటే కూర్చుంటానని అమ్మకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కోడల్ని కూడా బయటే ఉండమను, నేనే చెప్పుకుంటాను" అంది.